మెట్ల కింది నల్లా చప్పుడు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జనవరిలో నన్ను వరంగల్ నగరంలోని ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా సివిల్ సర్జన్, విభాగం స్త్రీల వైద్యం. రిటైర్మెంటు దగ్గర పడింది కాబట్టి అదే నా చివరి పోస్టింగు అవుతుందని ఆర్డరు చేతికి అందినప్పుడే అనుకున్నాను. అప్పటికే ఆదిలాబాదు మొదలు ఖమ్మం దాకా చాలా ఊళ్ల నీళ్లు తాగాను. పెళ్లి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. ముందు పీజీ చదువు, తర్వాత డ్యూటీలు, తర్వాత అమ్మ జబ్బు, అమ్మ పోయాక అలవాటు. ఊరు మారినప్పుడల్లా నా సామానంతా ఒక చిన్న వ్యానులో సగానికే సరిపోయేది.

హనుమకొండలో అద్దెలు చూసి భయపడి కాజీపేటలో వెతికాను. రైల్వే కాలనీ వెనక ఒక ఇంటి మేడ మీద రెండు గదుల పోర్షన్ ఖాళీగా ఉంది. ఇంటావిడ పేరు హలీమా బీ. నాకంటే కాస్త పెద్దది, బొద్దుగా, చలాకీగా ఉండేది. ఒంటరి ఆడదానికి ఇల్లిచ్చే ముందు ఓనర్లు అడిగే ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు కాబట్టి జవాబులు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆవిడ అడిగింది వేరు.

“ఒక్కరేనా డాక్టరమ్మా?”

ఒక్కదాన్నే అన్నాను.

“మరి తినుడెట్ల?”

ఏదో ఒకటి వండుకుంటానన్నాను. నేనేదో జబ్బు పేరు చెప్పినట్టు నా ముఖంలోకి చూసి, తాళంచెవి చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి ఆమెను ఆపా అని పిలిచేదాన్ని. అక్క అని అర్థం.

ఆమె భర్త యాకూబ్ భాయ్ గూడ్స్ బండి గార్డు. ఇప్పుడు ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు కానీ ఆయన మాత్రం గార్డుననే చెప్పుకునేవాడు. గూడ్స్ బండికి ఒక టైమంటూ ఉండదు. బల్లార్షా వైపో విజయవాడ వైపో పోతే అక్కడి రన్నింగ్ రూములో నడుం వాల్చి, మళ్లీ ఇటువైపు బండి దొరికినప్పుడు తిరిగి రావాలి. ఒక్కతే కూతురు షమీమ్, తొర్రూరులో పత్తి వ్యాపారం చేసేవాళ్ల ఇంటి కోడలు. అందుకని చాలా రోజులు ఆ ఇంట్లో కింద ఒకామె, పైన ఒకామె, అంతే.

ఒంటరిగా ఉండేవాళ్లకు చెవులు పెద్దవవుతాయి. ఆసుపత్రిలో రోజంతా కాన్పుల గదిలో కేకలు వింటాను కదా, ఇంటికొచ్చాక నిశ్శబ్దం కావాలనిపించాలి. నాకెప్పుడూ అలా అనిపించలేదు. కుర్చీలో కూర్చుని కింది ఇంటి చప్పుళ్లు వింటూ ఉండేదాన్ని. గిన్నెల చప్పుడు, టీవీ, స్టేషన్ మైకులో వచ్చీపోయే బండ్ల పేర్లు, వీటన్నిటితో పాటు మెట్ల కింది నల్లా. దాని ముందు ఒక షాబాదు బండ వేసి ఉండేది. వాషరు పాడైనందువల్ల తిప్పినప్పుడల్లా ఆ నల్లా పిల్లి మూలిగినట్టు మూలిగేది. హలీమా బీ నమాజుకు వజూ చేసుకునేది అక్కడే.

వజూ అంటే నమాజుకు ముందు చేతులు, నోరు, ముఖం, పాదాలు పద్ధతి ప్రకారం కడుక్కోవడం. ఒకసారి చేసుకున్న వజూ మూత్రానికి వెళితేనో, నిద్రపోతేనో పోతుంది, మళ్లీ చేసుకోవాలి. ఇదంతా ఆమే చెప్పింది. సాయంత్రం అసర్ నమాజుకు చేసుకున్న వజూతోనే పొద్దుగూకాక మగ్రిబ్, ఆ తర్వాత ఇషా కూడా చదవడం ఆమెకొక గర్వం. “మా అత్త ఒక్క వజూతోటి మూడు నమాజులు చదివేది. నేను ఆమె కోడల్ని,” అనేది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నేను ఆసుపత్రి నుంచి వచ్చి టీ పెట్టుకునే వేళకు నల్లా ఒకసారి మూలిగేది. మళ్లీ తెల్లవారుజాము దాకా దాని ఊసుండేది కాదు.

ఆ ఏడు రంజాన్ ఎండల్లో వచ్చింది. మొదటి రోజు మసీదు సైరన్ మోగగానే కింది నుంచి పిలుపు వినిపించింది. ఉపవాసం విడిచే పళ్లెం ఒక్కరే తినకూడదట, తిన్నా ఒంటికి పట్టదట. యాకూబ్ భాయ్ లైన్ మీద ఉన్నాడు. ఆ విధంగా నేను రోజా పట్టకుండానే ఇఫ్తార్ తినడం మొదలైంది. వరండాలో చాప, మధ్యలో పళ్లెం, అందులో ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, శనగ గుగ్గిళ్లు, మిర్చి భజ్జీలు. నాకోసం భజ్జీల్లో కారం తగ్గించేది. ఎన్నో ఏళ్ల తర్వాత ఒకరి ఎదురుగా కూర్చుని తింటున్నానన్న సంగతి రెండో రోజుకు గాని నాకు తట్టలేదు.

అలా ఎదురుగా కూర్చోవడం వల్లనే చూశాను. ఆమె ఒక ఖర్జూరం తిని, రెండు గుక్కల షర్బత్ తాగి, నాలుగు గుగ్గిళ్లు నోట్లో వేసుకుని, పళ్లెం నా వైపు జరిపేది.

“ఇగ జాగ లేదు డాక్టరమ్మా. గ్యాస్. రోజా పట్టినంక కడుపు ముడ్సుకపోతది గద.”

జనవరిలో ఈమె జొన్నరొట్టె తినడం నేను చూశాను. తిండి విషయంలో మొహమాటం ఎరగని మనిషి. పొద్దంతా పస్తున్న మనిషికి నాలుగు గుగ్గిళ్లతో కడుపు నిండడం నాకు నచ్చలేదు. అయినా రంజాన్‌లో కొందరికి ఆకలి మందగిస్తుంది, ఎండలు కూడా ఉన్నాయి. ఇది ఒక్కటే అయితే నేను పట్టించుకునేదాన్ని కాదు. పట్టించుకునేలా చేసింది నల్లా.

ఆ ఆదివారం నాకు సెలవు. మధ్యాహ్నం నుంచి ఇంట్లోనే ఉన్నాను. అసర్‌కు నల్లా మూలిగింది. కాసేపటికి మళ్లీ మూలిగింది. సైరన్‌కు ముందు మరోసారి. కింద ఆమె తనలో తాను విసుక్కుంటోంది. ఎవరైనా వచ్చారేమోనని పిట్టగోడ మీంచి తొంగి చూశాను. ఎవరూ లేరు. ఆమే మళ్లీ పాదాలు కడుక్కుంటోంది.

“వజూ నిలుస్తలేదు. పోయొస్తా, చేసుకుంటా, మల్ల పొయ్యొస్తనే అనిపిస్తాంది. షైతాన్ ఆట ఇది,” అంది తలెత్తి.

షైతాన్ సంగతి నాకు తెలియదు. తెల్లవారుజాము నుంచి చుక్క నీళ్లు తాగని మనిషి, ఆ ఎండలో, అన్నిసార్లు మూత్రానికి పోవలసిన అవసరం ఏమిటన్నదే నా ప్రశ్న. రోజా ఉన్నప్పుడు ఆ నల్లా మామూలు కంటే తక్కువగా మోగాలి. ఎక్కువగా మోగుతోందంటే మూత్రం ఎక్కువ తయారవుతోందని కాదు, మూత్రసంచిని ఏదో నొక్కుతోందని.

మా వృత్తిలో ఒక క్రమం ఉంది. ముందు మామూలు కారణాలను తీసేయాలి, భయపెట్టేవాటి జోలికి ఆ తర్వాతే పోవాలి. యాభై దాటిన ఆడవాళ్లు మాటిమాటికీ మూత్రానికి పోతుంటే మొదటి అనుమానం షుగరు, రెండోది ఇన్ఫెక్షను. ఇఫ్తార్ అయ్యాక నా దగ్గరున్న మిషనుతో వేలు గుచ్చి షుగరు చూశాను, బాగానే ఉంది. మర్నాడు మూత్రం సీసా మా ల్యాబుకు పట్టుకుపోయాను. అదీ శుభ్రం. మామూలుగా మంచి రిపోర్టు వస్తే డాక్టరు సంతోషిస్తుంది. నాకు ఆ రిపోర్టు చూశాక భయం మొదలైంది.

రెండు రోజుల తర్వాత బట్టలు తీయడానికి ఆమె మేడ మీదికి వచ్చినప్పుడు మాటల్లో పెట్టాను. ఓపీ గదిలో అడిగినట్టు అడిగితే ఈ మనిషి జవాబు చెప్పదు. పండుగ బట్టల గురించి అడిగాను. దర్జీ కుట్టిన కొత్త జాకెట్టు చేతుల దగ్గర వదులైందట, పాత కొలత ఇచ్చినందుకు తనను తానే తిట్టుకుంది. లంగా బొందు మాత్రం అందడం లేదట, పొడుగుది ఎక్కించుకుంది. చేతులు సన్నబడుతున్నాయి, నడుము పెరుగుతోంది. ఎప్పటినుంచని అడిగితే చలికాలం పోయినప్పటి నుంచీ అంది. పొత్తికడుపులో నొప్పి ఉందా అంటే, నొప్పి కాదు బరువు, రోజూ ఉంటుంది, బోర్లా పడుకుంటే తెలుస్తుంది అంది. మందులేమైనా వాడావా అంటే ఆ చుట్టుపక్కల వైద్యులిచ్చిన గ్యాస్ గోలీల రంగులన్నీ చెప్పింది. గొంతులోంచి కెమెరా గొట్టం కూడా వేయించుకుందట. కడుపు మంచిగా ఉందన్నారట.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి కడుపు జబ్బులున్నాయా అని అడిగాను. ఎవరికీ లేవంది.

ఒకసారి మా ఆసుపత్రికి రా ఆపా, స్కానింగు చేయిద్దాం అన్నాను. ఆమె నవ్వింది.

“నాకు సంచే లేదు డాక్టరమ్మా. మీ దవాఖానల నాకేం పని?”

ఇది చదివే ఆడవాళ్లలో కొందరు ఇదే మాట అని ఉంటారు. మా ప్రాంతంలో నలభై రాకుండానే గర్భసంచి తీయించుకున్నవాళ్లు ప్రతి వాడలోనూ ఉన్నారు. బ్లీడింగు ఎక్కువైందని, తెల్లబట్ట అని, మరోటని. తీయించుకున్నాక ఆడవాళ్ల జబ్బులన్నీ ఆ సంచితోనే పోయాయనుకుంటారు. ఇంట్లోవాళ్లూ అదే అనుకుంటారు. గ్యాసంటే గ్యాసు డాక్టరు దగ్గరికి పోతారు గాని, మా గడప తొక్కరు. హలీమా బీకి సంచి తీసింది షమీమ్ బడికి పోయే రోజుల్లో. ఆ వయసులో సంచి తీసినా పక్కనున్న అండాశయాలను, అంటే ఓవరీలను, చాలా వరకు ఉంచేస్తారు. వాటినుంచి వచ్చే హార్మోన్లు ఎముకలకూ గుండెకూ అవసరం. అది సరైన పద్ధతే. తీసినదేదో, ఉంచినదేదో మనిషికి అర్థమయ్యేలా చెప్పి పంపడమే జరగదు.

“సంచి పక్కల రెండు బాదం గింజలంతటివి ఉంటాయి ఆపా. అవి నీకు ఉన్నాయి,” అని చెప్పాను.

“ఉంటే ఉండనియ్యుండ్రి. ఇన్నేండ్లు లేని బాధ ఇప్పుడేంది?” అంది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు. మేడ మీద అద్దెకుండే డాక్టరు మాట అంతకంటే విలువ చేయదు. చివరికి సరేనంది కానీ అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. పొట్ట మీంచి స్కానింగు చేయాలంటే మూత్రసంచి నిండుగా ఉండాలి, నిండడానికి ముందుగా కడుపునిండా నీళ్లు తాగాలి. మా ఆసుపత్రిలో స్కానింగు గది నడిచేది పగలే.

“రోజాల నీళ్లు తాగాల్నా?” అంది. ఆ ముఖంలో నేనేదో అనకూడని మాట అన్నానన్న బాధ కనిపించింది. “బీమార్ ఉంటె తప్పు లేదు గని, నేను బీమార్ అని ఎవరు చెప్పిన్రు? ఈద్ అయినంక వస్త.”

వైద్యపరంగా చూస్తే పండుగ దాకా ఆగడం పెద్ద తేడా చేయకపోవచ్చు. కానీ నేను సర్వీసులో చూసినంతలో వాయిదాలకు సంతానం ఎక్కువ. ఈద్ తర్వాత చుట్టాలొస్తారు, ఆ తర్వాత షమీమ్ ఆడబిడ్డ పెళ్లి ఉంది, ఆ తర్వాత వానలు. గట్టిగా చెప్పాలంటే నా అనుమానం పేరు చెప్పాలి. రుజువు లేకుండా ఆ పేరు ఉచ్చరించడం మాకు పద్ధతి కాదు. యాకూబ్ భాయ్‌కి ఫోన్ చేస్తే లైన్‌లో సిగ్నల్ లేదు. నాకు తెలిసిన సంగతి ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు, అదీ సగమే తెలుసు. అంతమంది డాక్టర్లున్న ఊళ్లో ఆ రెండు రోజులూ నేను పూర్తిగా ఒంటరిదాన్నయ్యాను.

హనుమకొండలో నా దగ్గర పీజీ చేసిన అమ్మాయి ఒకామె సాయంత్రాలు స్కానింగు సెంటరు నడుపుతుంది. ఇఫ్తార్ అయ్యాక పోవచ్చు, రోజాకు అడ్డం లేదు అని హలీమా బీకి చెప్పాను. రేపు చూద్దామంది. ఆ రేపూ వచ్చింది, మళ్లీ రేపంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే గట్టిగా మాట్లాడను, మాట మానేస్తాను. ఆ సాయంత్రం సైరన్ మోగినా కిందికి దిగలేదు. డాక్టరమ్మా అని రెండుసార్లు పిలిచింది. నువ్వు స్కానింగుకు వచ్చేదాకా నీ పళ్లెం ముట్టను ఆపా అని పైనుంచే చెప్పి, పొద్దుటి ఉప్మా ముందు కూర్చున్నాను. అది ఎంత చప్పగా ఉందో చెప్పలేను.

కాసేపటికి మెట్ల మీద అడుగులు వినిపించాయి. సగం మెట్ల దగ్గర ఆగాయి, ఊపిరి తీసుకుని మళ్లీ కదిలాయి. జనవరిలో ఆమె నీళ్ల బిందెతో ఆగకుండా ఎక్కేది. గుమ్మంలో నిలబడి, పళ్లెం చాచింది.

“ఉపాసం నాదా, మీదా? పదండి పోదాం. ముందుగాల ఇది తినుండ్రి.”

ఆటోలో వెళ్లాం. దారిలో బలవంతంగా నీళ్లు తాగింది కానీ పట్టలేదు, పట్టినవీ నిలవలేదు, సెంటరుకు చేరగానే బాత్రూమ్‌కు పోయింది. ఇక ఏం కనిపిస్తుందిలే అనుకున్నాం. స్కానింగు చేసే అమ్మాయి ప్రోబు పొట్ట మీద పెట్టగానే, నిండిన మూత్రసంచి అవసరమే లేదని ఇద్దరికీ అర్థమైంది. పొట్టలో చేరిన నీరే ఆ పని చేసింది. తెర మీద నల్లగా నీరు, ఆ నీటిలో కుడిపక్క అండాశయం ఉండాల్సిన చోట ఎగుడుదిగుడుగా పెద్ద గడ్డ. ఆ అమ్మాయి నా వైపు చూసి ఇంగ్లీషులో ఏదో చెప్పబోయింది. వద్దని తల ఊపాను. ఇద్దరు డాక్టర్లు హఠాత్తుగా ఇంగ్లీషులోకి మారితే పేషెంటుకు తెలియాల్సింది అక్కడే తెలిసిపోతుంది.

తిరుగు ఆటోలో ఆమె అడిగింది.

“గ్యాసేనా డాక్టరమ్మా?”

“కాదు ఆపా. కడుపులో నీళ్లు చేరాయి. ఓవరీ మీద గడ్డ ఉంది. ఎలాంటి గడ్డో రక్తపరీక్ష, సీటీ స్కాను చేస్తే తెలుస్తుంది. తొందరగా చేయించాలి.”

“సంచి తీసిన్రు గద.”

“సంచే తీశారు.”

ఆటో ఫాతిమానగర్ దాటింది. ఆమె బయటికి చూస్తూ, “మా అక్కకు రొమ్ముల గడ్డ అయింది. దాంతోటే పోయింది,” అంది. మేడ మీద నేను అడిగింది కడుపు జబ్బుల గురించి. రొమ్ము గడ్డకూ అండాశయం గడ్డకూ ఒక్కోసారి ఒకే ఇంటి రక్తంలో మూలం ఉంటుందని ఆమెకెవరు చెప్పారు గనక? నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. పేషెంట్ల చేతులు నాడి కోసం ఎన్నో పట్టుకున్నాను, అలా ఊరికే పట్టుకోవడం నాకు అలవాటు లేదు.

ఇంటికి చేరాక ఇషా నమాజుకు నల్లా మూలిగింది. కాసేపటికి మళ్లీ మూలిగింది. నేను లైటు వేసుకోకుండా కూర్చుని విన్నాను.

మర్నాడు పొద్దున యాకూబ్ భాయ్ డ్యూటీ దిగి వచ్చాడు. యూనిఫాం మార్చకుండానే మెట్ల మీద కూర్చుని అంతా విన్నాడు. క్యాన్సరా అని అడిగాడు. అనుమానం గట్టిగానే ఉందన్నాను. ఆయన ఏడవలేదు, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, దాని అంచు సవరిస్తూ కూర్చున్నాడు. తర్వాత లోపలికి వెళ్లి భార్యతో అన్న మాట నాకు వినిపించింది.

“బండి ఆపి చూడాల్నంటె ఆపాలె హలీమా. రోజా ఏడికి పోదు. మంచిగైనంక పట్టుకుందువు.”

ఆ మాట నేను పది రోజులు చెప్పినా వినేది కాదు. ఆ రోజు నుంచి ఆమె రోజా పట్టలేదు.

సీఏ 125 అనే రక్తపరీక్షలో అంకె బాగా పెరిగి వచ్చింది. ఆ పరీక్ష ఒక్కదానితో జబ్బును తేల్చలేం, మామూలు కారణాలకు కూడా పెరుగుతుంది, కానీ స్కానుతో కలిపి చూసినప్పుడు దానికి బలముంటుంది. సీటీలో జబ్బు అండాశయం దాటి పొట్ట లోపలి పొరకు పాకినట్టు కనిపించింది. మూడో దశ. హైదరాబాదులో క్యాన్సర్ ఆసుపత్రికి పంపాను. ముందు కొన్ని విడతలు కీమో ఇచ్చి గడ్డను తగ్గించి, తర్వాత ఆపరేషను చేసి, మళ్లీ కీమో ఇచ్చారు. వాళ్లు హైదరాబాదులో బంధువుల ఇంట్లో ఉన్నారు, ఇంటి తాళాలు నా దగ్గర. ఈద్ నాడు కింది వాకిట్లో ఎవరూ లేరు. షమీమ్ అమ్మ దగ్గరే ఉంది. ఆరేడు నెలలు ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఒక సాయంత్రం కిందికి దిగి, పాడైందేమో చూద్దామని నల్లా తిప్పాను. పాడు కాలేదు, ఎప్పటిలాగే మూలిగింది. కట్టేసి పైకి వచ్చాను.

చలికాలానికి ఆమె తిరిగి వచ్చింది. జుట్టు లేదు, చీర కుచ్చిళ్లు రెట్టింపు పడుతున్నాయి, మాట మాత్రం అలాగే ఉంది. తప్పిపోయిన రోజాలు తర్వాత పట్టడాన్ని ఖజా అంటారు. కీమో డాక్టర్లు ఒప్పుకున్నాక, పగళ్లు చిన్నవని చూసుకుని, వారానికి ఒకటి చొప్పున మొదలుపెట్టింది. ఖజా రోజా చాలా ఒంటరిది. ఊరంతా తింటుంటుంది. సైరన్ ఉండదు, వాడంతా కలిసి కూర్చోవడం ఉండదు. పొద్దుగూకినప్పుడు అజాన్ విని తనంతట తనే విడవాలి. ఆ రోజుల్లో నేను ఆసుపత్రి నుంచి త్వరగా వచ్చేదాన్ని. అదే చాప, అదే పళ్లెం. ఆమె ఖర్జూరాలు తిని, గుగ్గిళ్లు తిని, భజ్జీలు తిని, నా వైపున్న భజ్జీ మీద చెయ్యి వేసింది. నేను ఏ స్కాను రిపోర్టునూ అంత శ్రద్ధగా చూడలేదు. అసర్ నుంచి ఇషా దాకా నల్లా ఒక్కసారే మోగింది.

“మా అత్త కోడల్ని,” అంది, నేను వింటున్నానని తెలిసి.

రెండో చలికాలం దాటాక జబ్బు తిరగబెట్టింది. ఈ క్యాన్సర్‌లో అది జరుగుతుంది, ముఖ్యంగా పాకిన తర్వాత దొరికితే. మళ్లీ కీమో ఇచ్చారు. ఈసారి ఎక్కువ కాలం పని చేయలేదు. ఆ ఏడు వానాకాలంలో, ఇంట్లోనే, మధ్యాహ్నం పూట పోయింది. యాకూబ్ భాయ్ అప్పుడు డ్యూటీలో లేడు, పక్కనే ఉన్నాడు. షమీమ్ ఉంది. నేను కూడా ఉన్నాను, డాక్టరుగా చేయాల్సిన పని ఏమీ మిగలలేదు. కొన్ని రోజాలు మిగిలిపోయాయి. ఒక్కో రోజాకు ఒకరి చొప్పున యాకూబ్ భాయ్ పేదవాళ్లకు అన్నం పెట్టించాడు.

తర్వాత ఆయన రిటైరై కూతురి దగ్గరికి తొర్రూరు వెళ్లిపోయాడు. కింది పోర్షన్ అద్దెకిచ్చేముందు, వచ్చేవాళ్లకు ఇబ్బందని, నల్లాకు కొత్త వాషరు వేయించాడు. అప్పటికి నేను ఇంకా ఆ మేడ మీదే ఉన్నాను. కొత్త వాషరుతో ఆ నల్లా ఏ చప్పుడూ లేకుండా తిరిగేది. ఆ నిశ్శబ్దం భరించలేక ఆ ఇల్లు ఖాళీ చేశానని చెబితే మా డిపార్ట్‌మెంటువాళ్లు నమ్మరు. ఆసుపత్రికి దగ్గరని మారానని చెప్పాను.

షమీమ్ జన్యుపరీక్షకు రక్తం ఇచ్చింది. తల్లి వైపు నుంచి వచ్చిన జన్యులోపం తనలోనూ ఉందని అందులో తేలింది. ఇప్పుడు డాక్టర్ల పర్యవేక్షణలో ఉంది, పిల్లలు చాలనుకున్నాక అండాశయాలు తీయించుకోవాలని నిర్ణయించుకుంది. ఆమెకు దీని గురించి ఎవరూ నచ్చజెప్పాల్సిన పని లేకపోయింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. అండాశయ క్యాన్సర్‌ను అందరిలో ముందే పట్టిచ్చే పరీక్ష ఇంతవరకు లేదు. గర్భాశయ ముఖద్వారానికి చేసే పాప్ పరీక్ష దీనికి పనికిరాదు. దొరికేది లక్షణాల్లోనే, ఆ లక్షణాలు చాలా మామూలువి. కడుపు ఉబ్బరం, కొంచెం తినగానే నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పో బరువో, మాటిమాటికీ మూత్రం. ఇవి ఉన్నవాళ్లలో చాలామందికి నిజంగానే గ్యాసో మరొకటో ఉంటుంది. తేడా ఎక్కడంటే, ఇవి కొత్తగా వచ్చి, దాదాపు రోజూ ఉండి, రెండు మూడు వారాలైనా పోకపోతే, గ్యాస్ గోలీ మార్చడం కాదు, స్కాను చేయించాలి. సంచి తీయించుకున్నవాళ్లు అండాశయాలు ఉన్నాయో తీశారో తెలుసుకుని ఉండాలి. సంచి లేదన్న ధీమా చికిత్స కాదు. ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే, అడగకపోయినా, కడుపు డాక్టరుకు కూడా చెప్పాలి.

డాక్టర్లకు ఒక మాట. “ఏం బాధ?” అని అడిగితే ఆడవాళ్లు గ్యాసనే చెప్తారు. ఆ తర్వాత మిగిలిన సర్వీసంతా నేను అలా అడగలేదు. నిరుడు తిన్నంత ఇప్పుడు తింటున్నారా, లంగా బొందు ఎక్కడ కడుతున్నారు, వజూ నిలుస్తోందా, పూజలో కూర్చుంటే మధ్యలో లేవాల్సి వస్తోందా అని అడిగేదాన్ని. జవాబులు వెంటనే వచ్చేవి.

ఇప్పుడు హనుమకొండలో ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. నా అంతస్తులో నాలుగు ఫ్లాట్లు, నాలుగింట్లోనూ యాభై దాటిన ఆడవాళ్లున్నారు. గోడలు మందం, ఎవరి నల్లా చప్పుడూ ఎవరికీ వినిపించదు. అందుకని లిఫ్టులో కనిపించినప్పుడు అడుగుతాను.